దిగుడు బంతి

బస్సు హాతో మయోర్ ఊరు దాటకముందే మాట బంతులు విసిరే ఇసాయాస్ మోచేతి మీదికి వచ్చింది. వస్తుందని జునిల్దాకి ముందే తెలుసు. అందుకే కిటికీ పక్క సీటు చూసుకుని కూర్చుంది, అందుకే బస్సులో అందరిలా తమ జట్టు పచ్చ చొక్కా వేసుకోకుండా సెలూన్‌కి రోజూ వేసుకెళ్ళే పసుపు గౌనే వేసుకుంది, మొహం బయటికి తిప్పుకుంటే ఎవరూ పలకరించరనుకుంది. చెరకు అప్పటికే మనిషెత్తు దాటింది. అక్టోబరు ఎండకి, గాలికి ఆకు తిరగబడ్డప్పుడల్లా చేను తెల్లగా మెరిసి ఆరిపోతోంది. బేస్‌బాల్ మొదటి మ్యాచ్ నాడు శాన్ పెద్రోకి పోయే ఈ ఆదివారం మధ్యాహ్నపు బస్సులో ప్రతి ఏడూ ఇదే తంతు. ఎవరెన్ని గెలిపిస్తారో, ఎవరు నడిమధ్యలో మునిగిపోతారో స్టేడియం చేరేలోపు తేల్చేస్తారు, ఆ తర్వాత సీజనంతా అదే పట్టుకుని ఒకరినొకరు దెప్పుకుంటారు. ఈ ఏడు తేల్చవలసిన మనిషి ఒక్కడే.

"రెండు," అన్నాడు దోన్ కిరికో. తాపీ పని మానేసి చాలా ఏళ్ళయినా వేలి సందుల్లో సున్నం మరక పోని ముసలాయన. "రెండు మ్యాచ్‌లు గెలిపిస్తాడు. మూడోదానికి మళ్ళీ చెయ్యి పట్టుకుని బంతులేసే దిబ్బ దిగుతాడు. నేనన్నానని గుర్తుపెట్టుకోండి."

"ఆ నోరు కాస్త కడుక్కో కొంపాద్రే," అన్నాడు బెలార్మినో. సంతలో పందిమాంసం వేయించి అమ్మే మనిషి, ఒళ్ళో కాగితం పొట్లం నుంచి ఆ వాసన బస్సంతా కమ్మేసింది. "మన మిడత ఆరు గెలిపిస్తాడు. ఒక్కటి తగ్గినా ఈ మీసం ఈ బస్సులోనే తీయించుకుంటా. నానోన్ చేతే."

తలుపు దగ్గర వేలాడుతున్న కండక్టర్ నానోన్ వెనక్కి తిరగకుండానే, "పంది వెంట్రుకలు పీకిన అలవాటు నాకు లేదు," అన్నాడు. బస్సంతా నవ్వింది.

మిడత అంటే ఇసాయాసే. సన్నటి ఒళ్ళు, పొడుగాటి కాళ్ళు, బంతి విసిరేటప్పుడు మోకాలు గడ్డం దాకా లేస్తుంది కాబట్టి జనం పెట్టుకున్న పేరు. ఇంట్లో వాడికా పేరు లేదు. ఇంట్లో వాడు చంటి, ఇప్పటికీ చంటే, ఇరవై ఒకటి నిండినా, గుమ్మంలోకి రావాలంటే తల వంచుకోవలసి వచ్చినా. పక్క సీట్లో కొబ్బరి మిఠాయిల బుట్ట ఒళ్ళో పెట్టుకున్న దోన్యా మెచీతా కూడా మాటలో దిగింది. వాడికా దిగుడు బంతి నేర్పింది అమెరికా వాళ్ళట, అక్కడ మిషన్లు పెట్టి బంతి ఎన్నిసార్లు తిరుగుతుందో లెక్క చెబుతారట. కాదు, బోకా చీకా దగ్గర అకాడమీలోనే నేర్చుకున్నాడు, నాకు తెలిసినవాడు అక్కడ వంటవాడు, కళ్ళారా చూశాడు, అన్నాడు బెలార్మినో. ఎవరు నేర్పితే ఏం లాభం, ఆ బంతి వేసే చెయ్యి ఇప్పుడు కోసి కుట్టిన చెయ్యి, అన్నాడు దోన్ కిరికో. బెలార్మినో అక్కడితో ఆగలేదు, వాళ్ళ అక్క ఒకావిడ ఉందట, తమ్ముడు పైకొచ్చాక రాజధానిలో మేడ కట్టుకుని ఎవరితోనూ మాట్లాడదట. జునిల్దా కిటికీ అద్దంలో తన మొహం చూసుకుంది. ఆ మేడలో ఎన్ని గదులుంటాయో వీళ్ళను అడిగితే అదీ చెబుతారేమో అనిపించి లోపలే నవ్వొచ్చింది. నిన్న రాత్రి వాన పడితే ఆ మేడలో ఉండాల్సిన మనిషి రేకు కారుతున్న చోట గిన్నె పెట్టి పడుకుంది. ఇల్లు బాగు చేయిస్తానని వాడంటాడు, ఈసారి చూద్దాంలే అని తనే అంటుంది, ఎందుకంటుందో తనకీ తెలియదు, ఆ పెరడు ఉన్నదున్నట్టు ఉండాలనేమో.

పెరడు. గట్టిపడ్డ ఎర్రమట్టి, ఒక పక్క బట్టలు ఆరేసే తీగ, రెండో పక్క అమ్మ కోళ్ళ గూడు, మధ్యలో నాన్న గీసిన గీత. చంటి అప్పటికి పుట్టనే లేదు. నాన్నకి మగపిల్లలు లేరు, ఉన్న ఒక్క పిల్లా ఎడమచేతి వాటం, ఆ చేతి బంతిని కొట్టడం కష్టమంటారు, అదే ఆయనకి దేవుడిచ్చిన వరం. చెరకు బళ్ళ దగ్గర కాటా వేసి సాయంత్రం ఒళ్ళంతా తీపి దుమ్ముతో వచ్చేవాడు, రేడియోని కారు బ్యాటరీకి తగిలించేవాడు, అందులో పచ్చ జట్టు ఆట నడుస్తుండగా తండ్రీ కూతుళ్ళు పెరట్లో ఆడేవాళ్ళు. బంతి ఉండేది కాదు. పెద్ద నీళ్ళ సీసా మూత, చీపురు కర్ర, అంతే. ఆ మూతని గాల్లో పళ్ళెంలా పట్టుకుని విసిరితే ఒక్కోసారి తిన్నగా పోతుంది, ఒక్కోసారి ఎవరో కింద నుంచి లాగినట్టు పడిపోతుంది. అది ఎప్పుడు పడుతోందో, ఎందుకు పడుతోందో జునిల్దా వేలితో కనిపెట్టింది, బుర్రతో కాదు. నడిమి వేలు అంచు మీద చివరిదాకా ఉండాలి, మిగతా వేళ్ళన్నీ వదిలేశాక అది ఒక్కటే ఇంకాసేపు ఉండాలి, వెళ్ళిపోయే మనిషి చెయ్యి వదలలేనట్టు. నాన్న కర్ర ఊపేవాడు, మూత కర్ర కిందికి జారిపోయేది, ఆయన ఒకసారి కర్రని చూసి, ఒకసారి మూతని చూసి, మళ్ళీ వెయ్యి అనేవాడు. మళ్ళీ వెయ్యి. ఆ మాట చెవిలో ఎంత తియ్యగా ఉండేదో. తర్వాత బంతి వచ్చింది, ఎక్కడినుంచో ఒక నిజమైన గ్లవ్ వచ్చింది, కుడిచేతికి తొడుక్కునేది, ఎడమచేతి వాటం వాళ్ళది, ఊళ్ళో అలాంటిది అదొక్కటే. మూత చేసిన పని బంతితోనూ చేయించడానికి ఆమెకి ఒక ఎండాకాలం పట్టింది. నడుమెత్తున తిన్నగా వచ్చే బంతి, కొట్టేవాడు కర్ర ఊపాక, దారం తెగినట్టు మోకాళ్ళ కిందికి పడిపోతుంది, అదే దిగుడు బంతి. వీధిలో మగపిల్లలు దానికి దండం పెట్టి పక్కకు తప్పుకునేవాళ్ళు.

"అమ్మాయీ, నువ్వేమీ అనవేం?" బెలార్మినో ముందు సీటు మీదికి వంగి పొట్లం చాపాడు. "తీసుకో, అరటి ముక్క కూడా ఉంది. ఎన్ని గెలిపిస్తాడంటావ్?"

"చూద్దామండీ," అంది ఒక ముక్క తీసుకుని.

"చూద్దామంటే అది జోస్యం కాదు," అన్నాడు దోన్ కిరికో. "చూడకముందు చెప్పాలి. చూశాక కాకి కూడా చెబుతుంది."

ముక్క కరకరమంది, ఉప్పు, నిమ్మరసం, ఆ కింద కొవ్వు. పళ్ళెం నిండా ఇవే ఉన్నాయి ఆ రోజు కూడా, పధ్నాలుగో పుట్టినరోజు దాటిన వారం, పిల్లల జట్టు ఎంపిక చేస్తున్నారని నాన్న మోటార్ సైకిల్ మీద తీసుకెళ్ళాడు. మైదానం చుట్టూ తినుబండారాల వాళ్ళు. ఆమె విసిరింది, ఒకడి తర్వాత ఒకడు కర్ర ఊపి వెళ్ళిపోయారు. మెడలో విజిల్ వేసుకున్న ఆయన చాలాసేపు చూసి, లోలో అని పేరు పెట్టి నాన్నని పక్కకి పిలిచాడు. మంచి చెయ్యే లోలో, నేను కాదనను, కానీ ఆడపిల్ల కదా, వచ్చే ఏడు దీన్నేం చేసుకుంటాం. అన్నది మంచిగానే. నాన్న వాదిస్తాడనుకుంది. నాన్న టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. ఇంటికొచ్చాక గ్లవ్ తీసి గూట్లో పెట్టాడు. కొన్నాళ్ళకి అది చంటిగాడి ఒళ్ళోకి వచ్చింది. వాడికి నాలుగేళ్ళు, ఎడమచేత్తో చెంచా పట్టుకుంటున్నాడు. వాడి మీద కోపం రాలేదు. వస్తుందని ఎదురుచూసింది, రాలేదు. వాడు గ్లవ్ తలకి పెట్టుకుని టోపీ అన్నాడు, ఆమె నవ్వింది, అక్కడితో అయిపోయింది. నాన్న మీద వచ్చిందేమో, అదీ ఇప్పుడు మిగల్లేదు, ఆయన చనిపోయిన ఏడు చెరకు బాగా పండింది, శవయాత్ర వెళ్ళే దారంతా బళ్ళు ఎదురొచ్చాయి, బండి తోలేవాళ్ళు తోవ పక్కన ఆపి టోపీలు తీశారు, అది మాత్రం గుర్తుంది.

ఆ తర్వాత పట్టడమే ఆమె పని. తువ్వాలు మడిచి అరచేతికి చుట్టుకుని గీతకి ఇవతల గొంతుక్కూర్చునేది, వాడు అవతల నుంచి విసిరేవాడు. మొదట్లో బంతి కోళ్ళ గూట్లోకి పోయేది, అమ్మ తిట్టేది, గుడ్లు పెట్టడం మానేస్తున్నాయని. వాడి చెయ్యి పట్టుకుని నడిమి వేలు బంతి కుట్టు మీద పరిచి, ఇది చివరిదాకా ఉండాలిరా, మిగతావి పోనీ, ఇది ఉండాలి, అని ఎన్ని సాయంత్రాలు చెప్పిందో. ఒకరోజు అది దిగింది. ఆమె పట్టలేకపోయింది, బంతి మోకాలి చిప్పకి తగిలింది, వాడు ఏడుపు మొహంతో పరిగెత్తుకొచ్చాడు, ఆమె నేల మీద కూర్చుని మోకాలు పట్టుకుని మళ్ళీ వెయ్యి అంది. అంతకంటే మంచి సాయంత్రం తన జీవితంలో ఉందా అని ఇప్పుడు వెతికితే కనబడలేదు. పెళ్ళి ఉంది, అది నాలుగేళ్ళు. సెలూన్ తెరిచిన రోజు ఉంది. అవన్నీ మంచివే, కానీ వాటిలో ఎక్కడో ఒక మూల ఎవరో మరొకరు ఉంటారు. ఆ సాయంత్రం మాత్రం అచ్చంగా తనది.

అందుకే వాడు పద్దెనిమిదేళ్ళకే పచ్చ జట్టులో మొదటిసారి దిబ్బ ఎక్కినప్పుడు కూడా ఆమె ఎదురుగానే కూర్చుంది. క్యాచర్ వెనక, వల అవతల, ఆటగాళ్ళ ఇంటివాళ్ళకి ఇచ్చే కుర్చీలు. మొదటి బంతికి ముందు వాడు ఒకసారి అటు చూసేవాడు. జనం వాడేదో సైగ కోసం చూస్తున్నాడనుకునేవాళ్ళు. అలాగే రెండు సీజన్లు. ఆ రెండోదాని చివర్లో, వాడి జోరుకి స్టేడియం ఊగిపోతున్న రోజు, ఒక బంతి విసిరాక వాడి మొహంలో ఏదో ఒక్క క్షణం ఆరి వెలిగింది. ఇంకెవరికీ కనబడలేదు. ఆమె లేచి నిలబడింది, అంతే, వాడు ఆమెని చూసి గ్లవ్ చంకలో పెట్టుకుని దిబ్బ దిగేశాడు. ఆ తర్వాత ఆసుపత్రి, కోత, మోచేతి మీద జెర్రిలాంటి మచ్చ, పోయిన సీజనంతా మంచం అంచున కూర్చుని చిన్న రబ్బరు బంతి నొక్కడం. రెండు వారాల కిందట పెరట్లోకి వచ్చి, పట్టు జుని, అన్నాడు. తిన్నని బంతులు బాగున్నాయి, అరచెయ్యి మండింది. దిగుడు బంతి వెయ్యమంది. వేశాడు, దిగలేదు. మళ్ళీ వెయ్యి. దిగలేదు. నడిమి వేలు ముందే లేచిపోతోంది, నొప్పి వల్ల కాదు, నొప్పి వస్తుందేమోనని. వాడికీ తెలుసు. తీగ మీద తువ్వాళ్ళు ఊగాయి. చివరికి, నువ్వొచ్చి ఎదురుగా కూర్చో అక్కా, అన్నాడు. వాడు ఆమెని అక్కా అనడం ఎప్పుడో గానీ ఉండదు. ఆ రోజు నాకన్నా ముందు నీకు తెలిసింది. నీ మొహం కనబడుతుంటే వదిలేస్తా, లేకపోతే నావల్ల కాదు. వస్తాలే అంది. అందుకే ఈ బస్సు. ఆదివారం పొద్దున్నే పెళ్ళికూతురి జుట్టు ఒకటి ఒప్పుకోకపోతే ముందు బస్సుకే పోయుండేది. ఆ పిల్ల జుట్టు ఒక పట్టాన లొంగలేదు, వేడిగాలి మిషన్ పట్టుకున్న భుజం ఇంకా సలుపుతోంది.

బస్సు ఎందుకు ఆగిందో మొదట తెలియలేదు. చెరకు కదలడం మానేసింది. ముందు నుంచి తెల్లటి ఆవిరి లేచి, కుతకుతమని చప్పుడు, డ్రైవర్ ఒక తిట్టు తిట్టి కిందికి దిగాడు. ఇంజన్ కాగిపోయింది. నీళ్ళు లేవు. ఇళ్ళున్న చోటు వెనకెక్కడో ఉండిపోయింది. నానోన్ ప్లాస్టిక్ డబ్బా పట్టుకుని వెనక్కి నడిచాడు, అతని వీపు రోడ్డు మీద ఎండలో కరిగినట్టు చిన్నదైపోయింది. జనం దిగి బస్సు నీడన నిలబడ్డారు. పోయే బస్సులన్నీ తలుపుల దాకా నిండి, పచ్చ జెండాలు ఊపుకుంటూ, హారన్ కొట్టుకుంటూ పోతున్నాయి, ఒక్కటీ ఆగడం లేదు. ఆమె రోడ్డు మధ్యకి పోయి చెయ్యి ఎత్తింది, ఒకడు ముద్దు విసిరి పోయాడు. ఫోన్ చేసింది. మ్యాచ్ రోజు ఫోన్ పెట్టెలో పెట్టి తాళం వేస్తాడని తెలిసే చేసింది. మోగి మోగి ఆగింది. దోన్యా మెచీతా ఆమెని చూస్తోంది. బెలార్మినో డ్రైవర్‌ని పక్కకి నెట్టి బస్సు రేడియో గొంతు పెంచాడు, అందరూ కిటికీల కింద గుమిగూడారు. జాతీయ గీతం అయిపోయింది. స్టేడియం హోరు రేడియోలోంచి వానలా వస్తోంది. వ్యాఖ్యాత, మిడత దిబ్బ ఎక్కాడు, పోయిన సీజన్ అంతా వాడొక్కడు లేక మనమెలా బతికాం, అంటున్నాడు. జునిల్దా బస్సు రేకుకి చెయ్యి ఆనించి నిలబడింది. రేకు కాలుతోంది, తీయలేదు.

మొదటి వాడికి నాలుగూ తప్పు బంతులే పడ్డాయి, వాడు కర్ర పడేసి ఊరికే మొదటి బేస్‌కి నడిచిపోయాడు. దోన్ కిరికో టోపీ కళ్ళ మీదికి లాక్కున్నాడు. రెండోవాడు కొట్టాడు, అవతలి జట్టు నీలం చొక్కాల వాళ్ళు ఇద్దరు బేస్‌ల మీద నిలబడ్డారు. తిన్నని బంతులే, అన్నీ తిన్నని బంతులే, అన్నాడు వ్యాఖ్యాత, క్యాచర్ దిగుడు బంతి అడుగుతున్నాడు, మిడత తల అడ్డంగా ఊపుతున్నాడు, మాటిమాటికీ కొట్టేవాడి వెనక జనంలోకి చూస్తున్నాడు, ఎవరి కోసమో మరి.

"నా కోసం," అంది జునిల్దా. అనాలనుకోలేదు, వచ్చేసింది.

బెలార్మినో నవ్వాడు. "సగం దేశం ఆడపిల్లలు ఇప్పుడదే అనుకుంటున్నారు తల్లీ. వరసలో నిలబడు."

చుట్టూ నవ్వులు. ఆమె కూడా నవ్వబోయింది, మొహం మాట వినలేదు. తల తిప్పుకుని చెరకు వైపు చూసింది. అప్పుడు కొబ్బరి చక్కెర అంటుకున్న ఒక చెయ్యి వచ్చి ఆమె మోచెయ్యి పట్టుకుంది. దోన్యా మెచీతా బస్సు వెనకవైపుకి తీసుకెళ్ళి చిన్నగా అడిగింది.

"నీకేమవుతాడు?"

"తమ్ముడు."

ముసలావిడ కిరికోనీ బెలార్మినోనీ పిలవలేదు. ఆమె ఎడమచెయ్యి తీసుకుని తిప్పి చూసింది, వేళ్ళు, అరచెయ్యి, ఏదో వెతుకుతున్నట్టు. "నువ్వు పట్టేదానివా వాడి బంతులు?"

"పట్టేదాన్ని."

"నొప్పెట్టేదా?"

"ఇప్పటికీ," అంది. అన్నాక కళ్ళు నిండాయి.

మూడోవాడి బంతి పైకి లేచింది, మనవాడెవడో పట్టాడు, ఒకడు పోయాడు. నాలుగోవాడు నీలం జట్టులో భీముడు, వాడి పేరు వింటేనే ఊళ్ళో పచ్చ చొక్కాల వాళ్ళు నేల మీద ఉమ్ముతారు. స్ట్రైక్. పక్కకి పోయింది. స్ట్రైక్, కంచె అవతలికి కొట్టాడు కానీ గీత బయట పడింది, బస్సు దగ్గర ఊపిరంతా ఒకేసారి వెనక్కి వచ్చింది. మళ్ళీ పక్కకి, మళ్ళీ పక్కకి. ఇంకొక్క స్ట్రైక్ పడితే వాడు అవుట్, ఇక ఒక్కటే బంతి. తిన్నగా వేస్తే వాడు వదలడు, పక్కకి వేస్తే బేస్‌లన్నీ నిండుతాయి. చంటీ, చూడకు, నేను లేను, నేను ఈ చెరకులో ఉన్నాను, ఆ కుర్చీలో ఎవరూ లేరు, అటు చూడకు. నాన్నా, నువ్వైనా ఏదో ఒకటి అను, ఆ రోజులా టోపీ సర్దుకుని ఊరుకోకు. మిడత దిబ్బ దిగాడు, అన్నాడు వ్యాఖ్యాత. చేతికి మట్టి రాసుకుంటున్నాడు. ఇప్పుడు జనం వైపు చూడటం లేదు. బంతిని చూస్తున్నాడు, చేతిలో బంతినే చూస్తున్నాడు, క్యాచర్ ఏం చెప్పాడో, తల ఊపాడు, అవునని ఊపాడు. రేడియో ఒక్క క్షణం చచ్చిపోయినట్టయింది. జునిల్దా చూపు తన చేతి మీద పడింది. బొటనవేలు, చూపుడు వేలు వదిలేశాయి, నడిమి వేలు గాలిని పట్టుకుని ఉంది.

హోరు ముందు వచ్చింది, మాటలు తర్వాత వచ్చాయి. దిగింది, దిగింది, భీముడు కర్ర ఊపి మోకాళ్ళ మీద కూలబడ్డాడు. బెలార్మినో మాంసం పొట్లం గాల్లోకి విసిరాడు. దోన్ కిరికో టోపీ తీసి మొహానికి అడ్డం పెట్టుకుని బస్సు చక్రానికి ఆనుకుని కూర్చున్నాడు, భుజాలు కదులుతున్నాయి. "ఏడుస్తున్నావా మావా?" అన్నాడు బెలార్మినో. "చెమట," అన్నాడు దోన్ కిరికో టోపీ లోపలినుంచి, "రెండే, ఇప్పటికీ రెండే అంటాను. ఎక్కువ చెబితే వాడికి దిష్టి తగలదా, బుద్ధి లేనివాడా." అప్పుడు తెలిసింది ఆమెకి ఈ ముసలాయన ఇందాకటి నుంచీ తక్కువ చెబుతున్నది ఎందుకో. జనం గెంతుతున్నారు, ఎవరో ముక్కూ మొహం తెలియనావిడ ఆమెని కావలించుకుంది. ఆమె కూడా కావలించుకుంది, నవ్వింది, అరిచిందేమో కూడా. ఆ సంతోషం నిండుగా ఉంది. అయితే దాని అడుగున ఒక చోట, కాలు పెడితే తెలిసే పల్లంలాగా, ఇంకొకటి ఉంది. వాడు ఆమెని వెతికాడు, కనబడలేదు, అయినా వేశాడు. అంతే. అదే కదా కావలసింది, అదే కదా ఆ పెరట్లో అన్ని సాయంత్రాలు చేసింది. మరి ఈ పల్లం ఎందుకు. గూట్లోకి వెళ్ళిపోయిన గ్లవ్‌ని చూస్తూ నిలబడ్డ పధ్నాలుగేళ్ళ పిల్లకి కూడా ఇలాగే ఉండేది, కానీ ఆ పిల్లకి అది దెబ్బలా తగిలింది. ఇది దెబ్బ కాదు. బరువైనదేదో చాలా దూరం మోసుకొచ్చి దించాక చేతులు వాటంతటవే పైకి తేలినట్టుంటుందే, అలాంటిది.

నానోన్ నీళ్ళు తెచ్చాడు, బస్సు దగ్గి దగ్గి కదిలింది. శాన్ పెద్రో చేరేసరికి నీడలు పొడుగయ్యాయి, ఆట సగం దగ్గరికి వచ్చింది, పచ్చ జట్టు ఒక్క పరుగు ముందుంది, మిడత ఇంకా దిబ్బ మీదే ఉన్నాడు. గేటు దగ్గర జునిల్దా సంచీలో చెయ్యి పెట్టింది. వాడు పంపిన పాస్ వేళ్ళకి తగిలింది, గట్టి అట్ట, పైన ఆమె పేరు. కుడివైపు పోతే ఆ కుర్చీలు. మెట్లు దిగి, వల అవతల కూర్చుంటే, వాడు తలెత్తగానే కనబడుతుంది. కనబడితే వాడి మొహం విచ్చుకుంటుంది, అదీ ఆమెకి తెలుసు. ఆ మొహం కోసం కాళ్ళు అటే లాగాయి. దోన్యా మెచీతా బుట్ట నెత్తిన పెట్టుకుని వాళ్ళతో ఎడమవైపు తిరుగుతూ ఆగింది. జునిల్దా సంచీ మూసి కిటికీ దగ్గర అన్నిటికంటే చౌక టికెట్టు ఒకటి కొనుక్కుని వాళ్ళ వెనక నడిచింది.

అది మైదానానికి ఆ చివర, కంచె వెనక, సిమెంటు మెట్లు. పగలంతా కాగిన మెట్టు గౌను లోంచి కాల్చింది. బెలార్మినో సర్దుకుని చోటిచ్చాడు, అటు దోన్ కిరికో, ఇటు డప్పు వాయించేవాడొకడు. ఇక్కడినుంచి మొహాలు కనబడవు. దూరంగా, పచ్చిక మధ్య గుండ్రటి ఎర్రమట్టి మీద, ఒక సన్నటి వీపు. పుట్టిన రోజునుంచి చూస్తున్న తమ్ముడు, కానీ ఎప్పుడూ ఎదురుగానే, బంతి తన వైపే వస్తుండగానే. వాడి వీపు ఇలా ఉంటుందని తెలియదు. చొక్కా చెమటకి నడుముదాకా అంటుకుంది. దాని మీద పెద్ద అక్షరాలతో పెగేరో, నాన్న ఇంటిపేరు, తన ఇంటిపేరు. వాడు క్యాచర్ వైపు వంగాడు, ఎడమచెయ్యి బంతితో సహా వీపు వెనక పెట్టుకున్నాడు. కొట్టేవాడికి కనబడకుండా, ఎదురుగా కూర్చునేవాళ్ళెవరికీ కనబడకుండా, ఇన్నేళ్ళూ ఆ చెయ్యి అక్కడ ఏం చేస్తోందో ఆమె ఎన్నడూ చూడలేదు. మోచెయ్యి, ఆ కోసి కుట్టిన మోచెయ్యే, కొద్దిగా బయటికి తిరిగింది. బంతి మీది కుట్టు కోసం వెతుకుతున్నాడు. నడిమి వేలు పరుస్తున్నాడు.

"దిగుతుంది," అంది జునిల్దా.

"ఏంటమ్మాయీ?" అని దోన్ కిరికో ఆమె వైపు తిరిగేలోపే వాడి మోకాలు గడ్డం దాకా లేచింది.